బడి గంట వినబడే గది

ఇది నేను ఇంతకు ముందు రాయలేదు. తీరిక లేక కాదు, మనసు రాక కాదు. అక్షరాలు రాక. నలభై దాటాక, అశోక్ నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్‌లో వంట చేస్తూ నేర్చుకున్నాను. సర్కారు నౌకరీ పరీక్షలకు చదువుకునే పిల్లలు వాళ్ళు. మా పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి, నేను చపాతీలు చేస్తుంటే, పిండి చల్లిన బండ మీద వేలితో 'అ' రాసి చూపించింది. అక్కడ మొదలైంది. రెండేళ్లు పట్టింది. ఇప్పుడు వాళ్ళు పారేసే పరీక్ష కాగితాల వెనకవైపు రాస్తున్నాను. ముందువైపు ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగేసి జవాబులు. వెనకవైపు ఖాళీ. నాకు అది చాలు.

చదువు వస్తే మనసు నెమ్మదిస్తుందక్కా అని ఆ పిల్లలు అన్నారు. నెమ్మదించలేదు. కోపం పెరిగింది. ఇంత తేలికైన పనా ఇది, దీన్నా నాకు అందకుండా పెట్టారు అనిపించింది.

పోయిన ఆదివారం నా బిడ్డ వచ్చింది. దాని కూతురికి మూడేళ్లు నిండాయి. "అమ్మా, కిరాయికి ఇల్లు చూడాలె. బుజ్జిదానికి ఇప్పుడు ప్లేస్కూలు, తర్వాత ఒకటో తరగతి, రెండు నడిచి పోయేంత దూరంల ఉండాలె. చిక్కడపల్లిల అయితే రెండున్నయంట, జర తోడు రా" అంది. వెళ్ళాను. రెండు ఇళ్ళు చూసి మూడో గల్లీలోకి తిరిగేసరికి, మూల మీద పిండి గిర్ని కనబడింది. లోపల మిరపకాయలు పడుతున్నారు. ఘాటు ముక్కుకు ఎక్కి తుమ్మాను. ఒకటి కాదు, ఆగకుండా ఆరేడు తుమ్ములు. నా బిడ్డ నవ్వింది. నేను నవ్వలేదు. ఆ గిర్నిలో నేను పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న రోజులున్నాయి. ఎందుకు కూర్చున్నానో చెప్పడానికే ఇదంతా.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మా నాయన సుతారి, గోడలు కట్టేవాడు. అమ్మ తట్ట మోసేది. అశోక్ నగర్‌లో పాత బంగళాలు కూలగొట్టి అపార్టుమెంట్లు లేపుతున్న కాలం. ఏ ఇల్లు కడుతుంటే ఆ ఇంట్లోనే, సిమెంటు బస్తాల పక్కన పడుకునేవాళ్ళం. తలుపులు పెట్టే రోజు వస్తే మూటలు కట్టుకుని ఇంకో దానికి పోయేవాళ్ళం. తడి ఇటుక వాసన, అమ్మ మూడు రాళ్ళ పొయ్యి మీద కాల్చే జొన్నరొట్టె వాసన, ఈ రెండూ కలిస్తేనే నాకు ఇల్లు. మూడేళ్ల చెల్లె ఎప్పుడూ నా చంకలోనే ఉండేది.

ఆ ఏడు నారాయణగూడలో ఒక కాన్వెంటు బడికి మూడో అంతస్తు వేశారు. కింద రెండు అంతస్తుల్లో పిల్లలు చదువుతుంటే, మెట్ల మీదుగా అమ్మ పైకి ఇసుక మోసింది. ఎక్కేటప్పుడు ఒక క్లాసు, దిగేటప్పుడు ఒక క్లాసు చూసేది. మా కంటే చిన్న పిల్లలు పుస్తకం మీద వేలు పెట్టి చదువుతున్నారట. ఆ పని అయిపోయిన రాత్రి నాయనతో అంది.

"ఇగ బిల్డింగులల్ల ఉండొద్దు. గది తీసుకుందాం. పెద్దదాన్ని బడికేద్దాం."

"చిన్నదాన్ని ఎవరు సూస్తరు?" అన్నాడు నాయన.

"గందుకే. చిన్నదానికి బాల్వాడి, పెద్దదానికి బడి, రెండు ఒక్క తాన ఉండాలె. గసుంటి తావుల గది."

మేస్త్రీలు అమావాస్య నాడు పని పెట్టరు. కనుక మా గదుల వేట అమావాస్యలకే జరిగింది. మొదటి అమావాస్యకు అమ్మ నేరుగా ఆ కాన్వెంటుకే పోయింది, చెల్లెను నేనెత్తుకుని వెనకాల. కిటికీ అవతల ఒక గుమాస్తా ఉన్నాడు. ఫారం ఇచ్చి నింపి తెమ్మన్నాడు.

"మాకు రాదు సారూ. మీరే రాయున్రి."

"తల్లిదండ్రులకే రాకపోతే పిల్లకు ఇంట్లో చదువు ఎవరు చెప్తారమ్మా?"

"నాకొస్తె నేనే చెప్పుకుందును గద సారూ. ఈడికెందుకొస్తుంటి?"

వెనక నిలబడ్డ ఒకావిడ నవ్వింది. గుమాస్తా నవ్వలేదు. అమ్మ చెయ్యి పైకి చూపించింది. "మీ మూడో అంతస్తుకు ఇసుక మోసింది నేనే."

"అయితే?" అన్నాడు.

ఆ మాటకు జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు. దొరికితే ఈ కాగితం మీదే రాస్తాను.

రెండో అమావాస్యకు అశోక్ నగర్ మురికినాలా పక్కన ఒక గది చూశాం. నాయనకు నచ్చింది. పొద్దున కూలీలు నిలబడే అడ్డా దగ్గర, నీళ్ళున్నాయి, కిరాయి తక్కువ. అమ్మ గదిలోకి పోయి గోడకు ఆనుకుని కూర్చుంది. మాట్లాడదు, లేవదు. మధ్యాహ్నం దాకా అట్లాగే కూర్చుని చివరికి లేచింది.

"గంట ఇనబడలే" అంది.

"ఏం గంట?"

"బడి గంట."

నాయన నెత్తి కొట్టుకున్నాడు. "గంట ఇననీకి కిరాయి కడ్తరానే ఎవరన్న? నీళ్ళు సూడు, పాయిఖాన సూడు."

"మనింట్ల గడియారమున్నదా? ఉన్నా సూసెటోళ్ళున్నరా? పొద్దుగాల ఏడుకు మనం అడ్డా మీదికి పోతం. పొల్ల ఒక్కతుంటది. గంట ఇనబడ్తె చెల్లెనెత్తుకొని పోతది. ఇనబడకుంటె టైమెట్ల తెలుస్తది దానికి?"

నాయన చెప్పులు తొడుక్కుని బయటికి నడిచాడు. నాకు మాత్రం ఆ రోజు అమ్మ అంత తెలివైన మనిషి లోకంలో లేదనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే ఆమె మీద కూడా కోపం తగ్గదు.

మూడో అమావాస్యకు చిక్కడపల్లి గల్లీలో దొరికింది. సర్కారు ప్రైమరీ బడి. దాని గోడకు ఆనుకుని బాల్వాడి, పసిపిల్లలకు ఉప్మా పెడతారు. బడి ముందు వేపచెట్టుకు రైలు పట్టా ముక్క వేలాడదీసి, ఇనుప కడ్డీతో కొడతారు. ఎదురుగా ఒక పాత ఇల్లు. ఆ ఇంటి వెనక, స్నానాల నీళ్ళ పొయ్యి పక్కన, ఒక రేకుల గది ఖాళీగా ఉంది. మేము అందులో నిలబడి ఉండగా గంట కొట్టారు. చెల్లె ఉలిక్కిపడి ఏడ్చింది. అమ్మ నవ్వింది. ఆమె అట్లా పళ్ళన్నీ కనబడేట్టు నవ్వడం నేను చాలా తక్కువ సార్లు చూశాను.

ఇంటామె వరండాలో కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు వలుస్తోంది. పెద్ద కొడుకు బ్యాంకులో పని, ఇంట్లో కోడలు, చంటి మనవడు. "లేబరోళ్ళకు ఇయ్యం మేము. తాగుడు, లొల్లి, పరేషాన్" అంది. తర్వాత నా వైపు చూసింది. చెల్లెను ఒక చంకన పెట్టుకుని, రెండో చేత్తో ఆమె కింద పోసిన తొక్కలు ఏరుతున్నాను. ఎవరూ చెప్పకుండానే ఏరాను. ఆ చేతులు ఇప్పటికీ నావే. అప్పుడప్పుడు వాటిని కొట్టాలనిపిస్తుంది.

"పొల్ల పనిమంతురాలు లెక్కున్నది" అంది ఇంటామె. "పొద్దుగాల రెండు గిన్నెలు తోమి, జర వాకిలి ఊడిస్తె చాలు. కిరాయి సగం ఇయ్యున్రి."

అమ్మ ఒక్కటే అడిగింది. "బడి గంటకు ఇడిసిపెడ్తరా అమ్మా?"

"ఎదురుంగనే గదా బడి. ఏడికి పోతది?"

పదకొండు రోజులు బడికి పోయాను. మొదటి రోజు పెద్ద టీచరు రిజిస్టరులో నా పేరు రాసి, పుట్టిన తేదీ తానే ఒకటి పెట్టింది. పలక కొత్తది, దాని చెక్క వాసన వస్తోంది. 'అ' దిద్దించారు, 'ఆ' దిద్దించారు. పన్నెండో రోజు ఇంటామె చుట్టాలు వచ్చారు. రెండు గిన్నెలు ఇరవై అయ్యాయి. గంట కొట్టారు. లేచాను. "ఏమే, గీ పాలగిన్నె తోమి పో. బడి ఏడికి పోతది?" అంది. తోమి, చెల్లెను బాల్వాడిలో దింపి పోయేసరికి ప్రార్థన అయిపోయి గేటు వేశారు. మర్నాడు చంటివాడి బట్టలు. ఆ తర్వాత రోజు పప్పు రుబ్బడం. ప్రతిసారీ అదే మాట, బడి ఏడికి పోతది. నిజమే, బడి ఎక్కడికీ పోలేదు. అక్కడే ఉంది. ఆ వానాకాలం నుంచి చలికాలం దాకా, నేను బూడిదతో గిన్నెలు తోముతుంటే, చేయి చాపితే తగిలేంత దూరంలో ఉంది.

ఆమె నన్ను కొట్టలేదు. తిట్టింది కూడా తక్కువే. పనయ్యాక ఉప్మా పెట్టేది, కరివేపాకు వేసి, నెయ్యి చుక్క వేసి. ఆకలి మీద తినేదాన్ని. దాని రుచి నాకు ఇప్పటికీ ఇష్టం, అందుకూ కోపమే. పండుగ వస్తే పెద్ద టీచరుకు గారెలు పంపేది, నా చేతే. టీచరు గిన్నె అందుకుని, "మీ ఇంటామె మంచి మనిషి, ఆమెకు చెప్పుకొని జల్ది రావే" అనేది. ఇద్దరూ మంచివాళ్ళే. ఆ ఇద్దరు మంచివాళ్ళ మధ్య గల్లీ దాటడానికి నాకు దారి దొరకలేదు.

నేనూ ఊరికే ఉండలేదు. కాఫీ గ్లాసుల అడుగున మిగిలిన చక్కెర నాకేదాన్ని. కోడలు దాచుకున్న చింతపండు కొంచెం కొంచెం తగ్గించేదాన్ని. గల్లీ అవతల బడిలో పిల్లలు ఎక్కాలు అరుస్తుంటే నేనూ లోలోపల అనుకుంటూ గిన్నె తిప్పేదాన్ని. అట్లా పదహారో ఎక్కం దాకా నోటికి వచ్చింది. అంకెలు చూపిస్తే మాత్రం ఒక్కటీ తెలియదు.

అమ్మకు చెప్పలేదు. ఆమె పొద్దున్నే పోయి చీకటి పడ్డాక వచ్చేది. "ఇయ్యాల ఏం సదివినవు బిడ్డా?" అని అడిగితే ఎక్కాలు ఒప్పజెప్పేదాన్ని. ఆమె ముఖం చూస్తూ రొట్టె తినేది. నిజం చెబితే గది పోతుంది, గది పోతే చెల్లె బాల్వాడి పోతుంది, అది నాకు తెలుసు. ఇక అమావాస్య నాడు అమ్మ ఇంట్లో ఉండేది. "ఇయ్యాల గిన్నెలు నేను తోముత, నువ్వు బడికి పో" అనేది. ఆ రోజన్నా పోవచ్చు కదా. పోలేదు. ఇన్ని రోజులు ఏమైపోయావని టీచరు అందరి ముందూ అడుగుతుందని సిగ్గు. పలక పట్టుకుని గల్లీ మూల దాకా పోయి, గిర్నిలో పిండి బస్తాల మధ్య కూర్చునేదాన్ని. గిర్నాయన ఏమీ అడగలేదు. సాయంత్రం గంటకు జుట్టు మీద పిండి దులుపుకుని ఇంటికి వచ్చేదాన్ని.

ఒకరోజు పొద్దున, బడి కిటికీలు తెరిచి ఉన్నాయి. టీచరు హాజరు పిలుస్తోంది. ఒక పేరు, ఇంకో పేరు. మూడోది నా పేరు. నా చేతిలో మాడిన పాలగిన్నె ఉంది. నేను నోరు తెరిచేలోపే లోపలి నుంచి ఎవరో పిల్ల, "ప్రజెంట్ టీచర్" అంది. టీచరు తర్వాతి పేరుకు పోయింది. ఎవరూ నవ్వలేదు. అంటే అది వాళ్ళకు రోజూ ఉండేదే. బడిలో ఇన్ని తలలు ఉండాలని పైవాళ్ళ లెక్క ఉంటుందట, ఆ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. నేను బూడిదలో కూర్చుని ఉన్నాను. నా పేరు మాత్రం ఆరు నెలలుగా బడికి పోతోంది.

మర్నాడు పొద్దున అందరికంటే ముందు లేచాను. గేటు సందులోంచి దూరి, వేపచెట్టు కొమ్మల మధ్య దోపిన ఇనుప కడ్డీ తీసుకొచ్చి, బూడిద డబ్బాలో అడుగుకు గుచ్చి దాచాను. ఆ రోజు గంట మోగలేదు. గల్లీ మొత్తం ఆ గంట మీదే నడిచేదని అప్పుడే తెలిసింది. ఇంటామె కొడుకు బస్సు తప్పిపోయింది. కోడలు పాలు పొంగించింది. బడి నౌకరు రాయితో పట్టా మీద కొడితే టక్కుటక్కు మంది, రెండిళ్ళ అవతలికి కూడా పోలేదు.

"ఇయ్యాల గంట కొట్టలేదేందే?" అంది ఇంటామె.

"నాకేం ఎరుకమ్మా. బడి ఏడికి పోతది" అన్నాను.

ఆమె నా వైపు చాలాసేపు చూసింది. నేను గిన్నె తోముతూనే ఉన్నాను. ఆ తొమ్మిదేళ్ల పిల్లను తలుచుకుంటే ఆ ఒక్క రోజు నాకు గర్వం.

అమావాస్య వచ్చింది. నేను పలకతో గిర్నికి పోయాను. అమ్మ గిన్నెలు తోమడానికి డబ్బాలో చెయ్యి పెడితే కడ్డీ తగిలింది. పోయిన కడ్డీ సంగతి అప్పటికి గల్లీ అంతా తెలుసు. అమ్మ బడికి పోయి నన్ను పిలవమందట. ఈ పిల్ల రాక ఆరు నెలలైందని బడి ఆయా చెప్పింది. అమ్మ ఒక్కో ఇల్లూ అడుగుతూ గిర్ని దాకా వచ్చింది. బస్తాల మధ్య నన్ను చూసి, కొట్టడానికి చెయ్యెత్తి, ఎత్తిన చెయ్యి అట్లాగే ఆపింది.

"నా పేరుకు ఇంకో పిల్ల పలుకుతున్నదమ్మా" అన్నాను. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, అదే ముందు వచ్చింది.

అంతా విన్నాక ఆమె అక్కడే నేల మీద కూర్చుంది. "నేనే తెచ్చి ఆడ కట్టేసిన గద బిడ్డా నిన్ను" అంది.

ఇంటామెతో పోట్లాడుతుందని ఎదురుచూశాను. వరండాలో నిలబడి అరుస్తుందని, ఆ కడ్డీ నేలకేసి కొడుతుందని చూశాను. ఆమె కడ్డీని కొంగులో చుట్టుకుని బడి గేటు దగ్గర పెట్టి వచ్చింది. చేతులు కట్టుకుని, "గది ఖాళీ చేస్తం అమ్మా" అంది.

"ఎందుకే? మంచిగనే ఉంటిరి గద. పొల్లకు పని కూడ అలవాటైతుండె" అంది ఇంటామె. నిజంగానే బాధపడింది. పోయేటప్పుడు చెల్లెకు చక్కెర పొట్లం ఇచ్చింది. అమ్మ తీసుకుంది.

నాలా పక్క గదికే పోయాం. వచ్చే ఏడు బడికేస్తానంది అమ్మ. వచ్చే ఏటికి నా నెత్తి మీద తట్ట ఉంది. చెల్లెను మాత్రం ఐదేళ్లు నిండాక ఆ చిక్కడపల్లి బడికే వేశారు. రోజూ పొద్దున గంటకు దాన్ని అక్కడ దింపి, అప్పుడు పనికి పోయేదాన్ని. అది చదువుకుంది. ఇప్పుడు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుంటుంది. ఐదో తరగతిలో ఉన్నప్పుడు నా ముందు పలక పెట్టి, "అక్కా, నేను నేర్పిస్త" అంది. నేను పలక తోసేశాను. అది ఎవరి తప్పూ కాదు, నాదే. దాన్ని కూడా ఇక్కడ రాస్తున్నాను.

ఆదివారం నా బిడ్డ నన్ను తీసుకుపోయిన మూడో ఇల్లు ఆ గల్లీలోనే. పాత ఇల్లు లేదు, వేపచెట్టు లేదు. ఆ వరసలో కొత్త బిల్డింగు, గేటుకు 'గది కిరాయికి ఇవ్వబడును' అని బోర్డు. పక్కనే ప్లేస్కూలు, గోడ నిండా బొమ్మలు. ఇల్లుగలామె చిన్న వయసుదే, కుర్చీ వేసి నీళ్ళిచ్చింది. వాళ్ళు వేరే, ఆ పాత ఇంటామెకు ఏమీ కారు.

"ఆంటీ, మీరు హాస్టల్‌ల వంట చేస్తరంట కదా" అంది. "పొద్దున ఇక్కడికొచ్చి మాకు కూడ చేసి పోతె కిరాయి తగ్గిస్తం. ఎక్కువేం లేదు, రెండు కూరలంతే."

నా బిడ్డ ఆశగా నా వైపు చూసింది. నేను, "ఆలోచించి చెప్తం అమ్మా" అన్నాను. చేతులు కట్టుకుని ఉన్నానని మెట్లు దిగాక చూసుకున్నాను. అచ్చం మా అమ్మ లెక్క.

దారి పొడవునా నా బిడ్డ అదే మాట. "ఏమైతదమ్మా? ఒక్క గంటనే కదా. బుజ్జిదాని బడి చూడు, ఎంత దగ్గరున్నదో."

"బడి మంచిగనే ఉన్నది. బడి తీసుకో. ఇల్లు వేరేది చూసుకో" అన్నాను.

"గింత కోపమెందుకు?"

అప్పుడు గిర్ని దగ్గర ఆగి, నిలబడి, పైన రాసిందంతా దానికి చెప్పాను. అది ఇంతకు ముందు ఎప్పుడూ వినలేదు. అంతా అయ్యాక, "రాంనగర్ దిక్కు కూడ ఒక బడున్నదంట. రేపు చూద్దాం" అంది.

మర్నాడు పొద్దున ఐదింటికే లేచాను. హాస్టల్ పిల్లల బల్ల మీద నుంచి లావు నల్ల పెన్ను ఒకటి తీసుకుని చిక్కడపల్లికి నడిచాను. గిర్ని ఇంకా తెరవలేదు. ఆ బోర్డు గేటుకు వేలాడుతోంది. అందులో ఉన్నదంతా ఒకసారి చదివాను. కింద ఖాళీ ఉంది. 'కిరాయి తగ్గిస్తారు. బదులు పని చేయించుకుంటారు. పని ఎంతో ముందే అడగండి' అని, గల్లీ అవతలి నుంచి కనబడేంత పెద్దగా రాశాను. దాని కింద నా పేరు రాశాను. పెన్నుకు మూత పెట్టి, నలభై మంది పిల్లలకు ఉప్మా చేయాలి కనుక, హాస్టల్‌కు పోయాను.